నైట్ హాల్ట్ బస్సులో బీటు

మొన్న మా అక్క కొడుకు మా ఇంటికి వచ్చి వరండాలో చాప వేసుకుని బెల్టు బిళ్లకు బ్రాసో పాలిష్ రుద్దుతున్నాడు. వాడు ఈమధ్యే కానిస్టేబుల్ అయ్యాడు. అక్టోబర్ 21 పరేడ్‌కి పేరు పడిందట, అందుకని పొద్దున్నించీ బూట్లు, బిళ్ల, టోపీ అని ఒకటే హడావిడి. లాయర్ని కదా, నేను లోపల మరుసటి రోజు వాయిదాకి కేసు కట్ట ముందేసుకుని కూర్చున్నాను. ఆ వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఇక ఒక్క లైను చదివితే ఒట్టు.

అది మా ఇంటి ఆదివారం వాసన. మా నాయన హెడ్ కానిస్టేబుల్, అందులోనూ స్టేషన్ రైటర్, అంటే స్టేషను రాతపనంతా ఆయనదే. ఆదివారం పొద్దున పాత బనియను గుడ్డ చించి బిళ్ల రుద్దేవాడు, అమ్మ పక్కన పొయ్యి మీద గంజి కాచేది, గంజి పెట్టిన ఖాకీ చొక్కా ఎండకి బిర్రబిగిసిపోతే మళ్లీ నీళ్లు చిలకరించి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో దాని మడత లొంగదీసేవాడు. బ్రాసో, గంజి, బొగ్గు మూడూ కలిస్తే వచ్చే వాసన ఇంకెక్కడా దొరకదు. 1959లో లద్దాఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో చనిపోయిన పది మంది పోలీసుల కోసం ఆ అక్టోబర్ 21 అని మాకు చిన్నప్పుడే నాయన చెప్పాడు. ఆ రోజు అనంతపురం పరేడ్ గ్రౌండ్‌లో దేశం మొత్తమ్మీద ఆ ఏడు చనిపోయిన పోలీసుల పేర్లన్నీ చదువుతారు. ఆయన ఆ పరేడ్‌కి వెళ్లినప్పుడల్లా తిరిగొచ్చి చెప్పేది ఒకటే, "ఎండకి ఇద్దరు పడిపోయినారు, పేర్లు మాత్రం ఆపకుండా చదివినారు" అని.

ఎంత జాగా, ఎంతమంది

అప్పటి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రంలో దాదాపు సగం అన్నమాట. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయేవరకూ రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద జిల్లా ఇదే. మా స్టేషను కళ్యాణదుర్గం అవతల, కర్ణాటక సరిహద్దు వైపు. ఊరి పేరు వద్దులెండి, అక్కడ పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. ఊళ్లు, మజరాలు, తండాలు అన్నీ కలిపితే యాభైకి పైనే. ఒక కొసన ఉన్న తండా నుంచి స్టేషనుకి నడిచి రావాలంటే చీకటితో బయలుదేరి మధ్యాహ్నం దాటాక చేరాల్సిందే. మధ్యలో గుట్టలు, వంకలు, శెనక్కాయ చేలు, ఎండాకాలం అయితే నీడ కూడా ఉండదు.

దీనంతటికీ ఒక ఎస్ఐ, ముగ్గురో నలుగురో హెడ్లు, ఇరవై లోపు కానిస్టేబుళ్లు. అది కాగితం మీద. రాత్రి భోజనం అయ్యాక నాయన మరుసటి రోజు డ్యూటీ చార్టు రాయడానికి కూర్చునేవాడు, నేను పక్కన ఎక్కాలు చదువుకుంటూ వినేవాణ్ణి కాబట్టి ఆ తీసివేతలు నాకు బాగా గుర్తు. కళ్యాణదుర్గం కోర్టుకి రోజూ ఒకడు. సర్కిల్ ఆఫీసులో రాతపనికి ఒకణ్ణి ఎప్పుడో తీసుకుపోయారు, తిరిగి పంపలేదు. సెంట్రీకి వంతులవారీగా ముగ్గురు. సమన్లు, వారంట్లు పట్టుకుని తిరిగేవాడు ఒకడు. అనంతపురం ఆస్పత్రికి దెబ్బలవాణ్ణి తీసుకుపోయినవాడు ఇంకా రాలేదు. ఒకడి భార్య పురిటికి. ఒకడు ట్రైనింగు. ఇద్దరు ఫ్యాక్షన్ ఊళ్లో పికెట్ కాపలాకి. ఇట్లా తీసేసుకుంటూ పోతే చివరికి ఊళ్లకి పోవడానికి మిగిలేది ఇద్దరు ముగ్గురు. వాళ్లలో ఒకడికి మోకాళ్ల నొప్పి.

దానికి తోడు బందోబస్తులు. కదిరిలో నరసింహస్వామి తేరు, గూగూడులో పీర్ల పండుగ, పెన్న అహోబిలంలో తిరునాళ్ల, ఎక్కడో మంత్రిగారి రాక, ఎలక్షన్లు. వైర్‌లెస్‌లో పిలుపు రావడం ఆలస్యం, హోల్డాలు చుట్టుకుని ఉన్నవాళ్లందరూ పోయేవాళ్లు. అట్లాంటి రోజుల్లో స్టేషనులో మిగిలేది నాయన, ఒక సెంట్రీ, ఒక హోంగార్డు. ఆ ముగ్గురే యాభై ఊళ్లకి ప్రభుత్వం. ఆ రెండు మూడు రోజులు ఎవరూ కొట్టుకోకుండా ఉంటే చాలని అమ్మ గవిమఠం వైపు తిరిగి దండం పెట్టుకునేది.

జీపు సర్కిల్ ఇన్‌స్పెక్టరుకి ఉండేది. మా ఎస్ఐకి బుల్లెట్టు. మిగతావాళ్లకి సైకిలు, కాళ్లు, ఎర్ర బస్సు.

గంట

స్టేషను తెల్లదొరల కాలం నాటి రాతి కట్టడం. దాని వెనక ఒకే వరసలో క్వార్టర్సు, మట్టి మిద్దెలు, బండపరుపు. ముందు వేపచెట్టు కొమ్మకి ఒక రైలుపట్టా ముక్క వేలాడగట్టి ఉండేది. సెంట్రీ గంటకోసారి ఇనుప కడ్డీతో దాన్ని కొట్టాలి. ఊళ్లో గడియారం ఉన్న ఇళ్లు తక్కువ, ఉన్నా తాళం ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ, కాబట్టి జనం అంతా ఆ గంట మీదే బతికేవాళ్లు. "తొమ్మిది కొట్టినారు, ఇంక పండుకోండ్రా" అని ప్రతి ఇంట్లోనూ ఒకే కేక.

మాకు కానిస్టేబుళ్ల పేర్లు పెద్దగా తెలియదు, నంబర్లే. స్టేషనులో అందరూ నంబర్లతోనే పిలుచుకునేవాళ్లు, మేము వాటికి మామ అని తగిలించేవాళ్లం. వాళ్లలో నూటపదహారు మామ అంటే పిల్లలందరికీ ప్రాణం. జేబులో ఎప్పుడూ బొరుగులో, వేయించిన శెనక్కాయలో ఉండేవి. ఒకసారి సెంట్రీలో కునుకు తీసి ఉలిక్కిపడి లేచి, రాత్రి మూడుకి అయిదు కొట్టేశాడు. ఊరు ఊరంతా లేచింది. ఆడవాళ్లు కల్లాపి చల్లేశారు, పాలవాడు బర్రె దగ్గరికి పోతే అది తన్నింది, హోటలు ఆయన ఉగ్గానికి బొరుగులు నానబెట్టేశాడు. తెల్లారదే! ఎస్ఐ మెమో ఇచ్చాడు. మామ దానికి రాసిన సంజాయిషీ మా నాయనే డిక్టేట్ చేశాడు, "గాలికి పట్టా ముక్క దానంతట అదే ఊగి" అని మొదలవుతుంది అది. నమ్మలేదు గానీ ఎస్ఐ నవ్వాడట.

చివరి బస్సు

ఊళ్లకి బీటు, అంటే గస్తీ, ఎట్లా పోయేవాళ్లు అని ఇప్పటి పిల్లలు అడిగితే నేను చెప్పేది ఈ బస్సు గురించే. కళ్యాణదుర్గంలో సాయంత్రం బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు చీకటి పడేవేళకి మా ఊరు వచ్చేది. అక్కడి నుంచి మట్టిరోడ్డు మీద ఊరూరా ఆగుతూ కొసాకరు ఊళ్లో పడుకునేది. డ్రైవరు, కండక్టరు బస్సు టాపు మీద పక్కలు వేసుకునేవాళ్లు. మళ్లీ తెల్లవారుజామున హారన్ కొట్టుకుంటూ బయలుదేరేది. ఆ బస్సే బీటు కానిస్టేబులుకి వాహనం, బడలిక తీర్చుకునే కుర్చీ, సమాచార కేంద్రం అన్నీ. నూటపదహారు మామ లాఠీ, టార్చిలైటు, దుప్పటి, బీటు పుస్తకం పట్టుకుని ఎక్కేవాడు. దిగేలోపు సగం పని అయిపోయేది, ఎందుకంటే ఎవరి బర్రె పోయింది, ఎవరు బోరు దగ్గర తగువు పడ్డారు, ఎవరి కొడుకు బళ్లారి నుంచి కొత్త బండి తెచ్చాడు, దానికి డబ్బులు ఎక్కడివి, ఇవన్నీ కండక్టరుకి తెలుసు.

రాత్రి చావిట్లో పడక. తిండి దగ్గరే అసలు కిటుకు. ఊళ్లో రెండు పార్టీలు ఉంటాయి. పోలీసు ఒకరింట్లో సంగటి తిన్నాడంటే తెల్లారేసరికి రెండో పార్టీవాళ్లు "వాళ్లు పోలీసుల్ని కొనేసినారప్పా" అని గుంపులు కడతారు. మా నాయన కుర్ర కానిస్టేబుళ్లకి చెప్పే మొదటి మాట ఇదే, "తింటే రెండిండ్లలోనూ తిను, లేదంటే ఎవరింట్లోనూ తినద్దు." నూటపదహారు మామ రెండో దారి పట్టాడు, అందుకే ఆయన జేబులో ఆ బొరుగులు. ఒక్కోసారి బాగా ఆకలేస్తే మాత్రం గుళ్లో పూజారి దగ్గర చిత్రాన్నం అడిగేవాడు, దేవుడికి పార్టీ లేదని.

రాత్రి పూట కేడీల, అంటే స్టేషను రికార్డులో పాత నేరస్తులని పేరు పడ్డవాళ్ల, ఇళ్లకి పోయి తలుపు తట్టాలి. "ఒరే, ఉండావా?" "ఉండా సామీ, యాడికి పోతా." బీటు పుస్తకంలో ఒక గీత. ఇది వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, పెద్దయ్యాక నాకు ఒకటి అర్థమైంది. ఆ తలుపులు ఎప్పుడూ అవే. ఊరి బయట గుడిసెల్లో ఉండే ఎరుకలవాళ్లవి ఎక్కువ. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1952లోనే రద్దు చేశారు. చట్టం పోయింది, టార్చిలైటు మాత్రం ఆ గుడిసెల మీదే పడుతూ వచ్చింది. గడ్డివాములో నాటు బాంబులు దాచుకున్న రెండంతస్తుల మిద్దె తలుపు అర్ధరాత్రి ఎవరూ తట్టలేదు. నూటపదహారు మామకి ఇది తెలియక కాదు. "ఆ తలుపు తడితే తెల్లారి నా నంబరు వేరే స్టేషన్‌లో ఉంటాది రా" అన్నాడొకసారి మా నాయనతో.

మునసబు రాస్తేనే

నాయన సర్వీసులో చేరిన కొత్తల్లో ఇంకా గ్రామ మునసబులు ఉండేవాళ్లు. ఊళ్లో చావు గానీ, దొంగతనం గానీ, కొట్లాట గానీ జరిగితే మునసబు కాగితం రాసి తలారి చేతికిచ్చి స్టేషనుకి పంపాలి. ఇది మద్రాసు ప్రభుత్వం 1816లో రెగ్యులేషన్ చేసిన నాటి నుంచీ వచ్చిన ఏర్పాటు. అంటే పోలీసు శాఖ పుట్టకముందే పుట్టింది. తలారి చేతికర్ర పట్టుకుని, కాగితాన్ని తలపాగాలో దోపుకుని, రాత్రంతా నడిచి వచ్చేవాడు. స్టేషను అరుగు మీద కూలబడి ముందు చెంబెడు నీళ్లు తాగి, తర్వాత కాగితం తీసేవాడట. నాయన ఎప్పుడూ అనేవాడు, జీతం తక్కువ, నడక ఎక్కువ ఉన్న పోలీసు ఎవరంటే తలారే అని.

1984లో కరణం మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. మంచికే అయింది, ఎందుకంటే మునసబుకి నచ్చని చావు స్టేషనుకి చేరేది కాదు, లేదా కడుపునొప్పి అయి చేరేది. కానీ కొన్నాళ్లు మా స్టేషనుకి చెవులు పోయినట్టయింది. ఊరి నుంచి రాయాల్సిన వాడు ఎవరూ లేరు. అప్పుడే చివరి బస్సు కండక్టరు, పోస్టుమ్యాను, సంతలో టీ అంగడి ఆయన, వీళ్లే స్టేషనుకి దిక్కయ్యారు. వాళ్లకి ఎవరూ జీతం ఇవ్వలేదు, అడగనూ లేదు.

నేను ఇప్పుడు కోర్టులో డిఫెన్సు తరఫున నిలబడి "ఎఫ్ఐఆర్ ఇంత ఆలస్యంగా ఎందుకు ఇచ్చారు, ఈ మధ్యలో కూర్చుని కథ అల్లారు కదా" అని సాక్షుల్ని అడుగుతుంటాను. అది నా వృత్తి, అడగాల్సిందే. అడిగే ప్రతిసారీ ఆ చేలగట్లు మాత్రం కళ్లముందుకొస్తాయి. మా స్టేషను పరిధిలో ఏది కేసు అవుతుంది, ఏది కాదు అన్నది పీనల్ కోడ్ కన్నా ముందు దూరం తేల్చేది. దగ్గర ఊళ్లో చెంపదెబ్బకి కేసు ఉండేది, కొస తండాలో తల పగిలినా ఉండేది కాదు.

తండా నుంచి ఒకామె వచ్చింది ఒక రోజు. సుగాలి ఆమె, చంకలో చిన్నపిల్ల. ఎండాకాలం సెలవులు కాబట్టి నేను స్టేషను అరుగు మీదే గోళీలాడుతున్నాను. పాదాలు బొబ్బలెక్కి, పెదాలు పగిలి, మాట రావడం లేదు. చీకటితో బయలుదేరిందట. అంతకు ముందు రోజు ఊళ్లో పెద్దమనిషి ఇంటికి పోతే "ఇంటి గుట్టు స్టేషనుకెందుకు" అని తిప్పి పంపాడట. ఎస్ఐ లేడు, బందోబస్తు. నాయన ఆమెను కూర్చోబెట్టి, నన్ను ఇంటికి పంపి మజ్జిగ తెప్పించి, కార్బన్ పేపరు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. భర్త కొట్టిన దెబ్బలు, అత్తింటివాళ్లు లాక్కున్న వెండి కడియాలు. ఆమె చెప్పేది సుగాలి మాట, నాయన రాసేది తెలుగు, మధ్యలో హోంగార్డు ఇద్దరికీ అర్థం చెప్పేవాడు. రాసింది మళ్లీ చదివి వినిపించి వేలిముద్ర తీసుకుని, కాపీ ఆమె చేతిలో పెట్టాడు. ఆ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది, ఇచ్చేవాళ్లు తక్కువ. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మరుసటి సాయంత్రం చివరి బస్సులో నూటపదహారు మామను తోడిచ్చి పంపారు.

కేసు ఏమైంది అంటారా. రాజీ అయింది. పెద్దమనుషులు కూర్చుని, కడియాలు ఇప్పించి, కాగితం వెనక్కి తీయించారు. నాయన ఆ విషయం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

సెట్టు

వైర్‌లెస్ సెట్టు గదికి, మా ఇంటికి మధ్య ఒక్క గోడే. పగలూ రాత్రీ గర్రుగర్రుమంటూ, మధ్యలో "కంట్రోల్, కంట్రోల్" అని, "ఓవర్" అని. కొత్తగా వచ్చిన బంధువులకి నిద్రపట్టేది కాదు, మాకు అది ఆగితే మెలకువ వచ్చేది. అమ్మ చదివింది నాలుగో తరగతి. కానీ సెట్టులో వచ్చే ఇంగ్లీషు, నంబర్లు, పొడి అక్షరాలు అన్నీ ఆమెకి కంఠతా. రాగి సంగటి కెలుకుతూ కెలుకుతూ ఆగి ఒక్క నిమిషం విని, ఒక ముద్ద తక్కువ చేసేది. "మీ నాయన ఈ పొద్దు రాడులే" అనేది. నాయనకి తెలియకముందే ఆమెకి తెలిసేది ఆయన ఎక్కడికి పోతున్నాడో. ఫ్యాక్షన్ ఊళ్ల వైపు అయితే మాత్రం ఏమీ అనేది కాదు, వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగేది.

ఆ ఊళ్ల గురించి ఎక్కువ రాయను, చాలామంది చాలా రాశారు. పికెట్ అంటే మాకు తెలిసింది ఇంతే. స్కూలు వరండాలో నలుగురు, 303 తుపాకులు, ఒక కిరోసిన్ స్టవ్వు. నెలలు నెలలు అక్కడే. ఇంటికొచ్చినప్పుడు వాళ్ల పిల్లలు వాళ్లని చూసి దాక్కునేవాళ్లు.

శవానికి కాపలా

దీన్ని గురించి పోలీసు పిల్లలు కానివాళ్లకి చెప్తే నమ్మరు. బావిలోనో, చెట్టుకో శవం దొరికిందంటే పంచాయతీదార్ల ముందు పంచనామా జరగాలి, తర్వాత డాక్టరు పోస్టుమార్టం. చీకటి పడితే పోస్టుమార్టం చేసేవాళ్లు కాదు. ఎస్ఐ బుల్లెట్టు మీద వచ్చేసరికే పొద్దు గూకితే, తెల్లారేదాకా శవం దగ్గర ఒక కానిస్టేబుల్ ఉండాలి. కుక్కలు, నక్కలు రాకుండా. తలారి తోడుంటే అదృష్టం. నాయన కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు హగరి ఒడ్డున ఒక రాత్రి అట్లా కూర్చున్నాడట. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు చూసినవాళ్లకి తెలుసు, అక్కడ ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పోస్తుంది. రాత్రంతా గాలి, ఇసుక. శవం మీద కప్పిన గుడ్డ మాటిమాటికీ లేచిపోతోంది, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు, అయినా లేస్తోంది. ఆఖరికి తన దుప్పటి కప్పి దాని అంచుల మీద ఇసుక పోసి, ఆయన చలికి వణుకుతూ కూర్చున్నాడు. పొద్దున ఎద్దులబండి మీద శవాన్ని ఎత్తి దాని వెనక నడిచి ఆస్పత్రికి. "ఆ దుప్పటి ఏమైంది?" అని మేము ప్రతిసారీ అడిగేవాళ్లం. "దాని కత దాంతోనే పోయింది" అనేవాడు. డిపార్ట్‌మెంటు వేరే దుప్పటి ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

గట్టుకి అటు, గట్టుకి ఇటు

సరిహద్దు స్టేషనుకి ఇంకో చిక్కు. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోది, కానీ మ్యాపు చూస్తే మూడు వైపులా మన జిల్లానే. దారిలో వంక దాటితే కర్ణాటక, గుట్ట దాటితే మళ్లీ ఆంధ్ర. దొంగలకి ఇది బాగా తెలుసు. ఆయిల్ ఇంజన్లు, మోటార్లు ఇటు ఎత్తి అటు సంతలో అమ్మేవాళ్లు, అటు ఎద్దులు ఇటు. పోలీసుకి మాత్రం గట్టు దగ్గర అధికారం ఆగిపోయేది. గట్టు మీద శవం దొరికితే, తల ఎటు ఉంది, కాళ్లు ఎటు ఉన్నాయి అని రెండు రాష్ట్రాల పోలీసులు కొలిచిన రోజు ఉంది. ఇప్పుడంటే 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ కింద నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా రాసుకోవాలని స్పష్టంగా ఉంది. అప్పట్లో "మా లిమిట్స్ కాదు" అన్న ఒక్క మాటతో మనిషిని పది మైళ్లు నడిపించేవాళ్లు.

నాయనకి అవతలి స్టేషనులో ఒక స్నేహితుడు ఉండేవాడు, ఆయన కూడా రైటరే. అధికారికంగా ఉత్తరాలు పోయి రావడానికి నెలలు పట్టే పనులు ఈ ఇద్దరూ సంతరోజు టీ అంగట్లో కూర్చుని, సగం కన్నడం, సగం తెలుగులో ముగించేసేవాళ్లు. మీ ఇంజను మా దగ్గర ఉంది, మా ఎద్దుల జత మీ ఫలానా ఊళ్లో ఉంది. కేసు డైరీలో మాత్రం "నమ్మదగిన సమాచారం మేరకు" అని పడేది.

1995లో మద్యనిషేధం వచ్చాక మా స్టేషనుకి వచ్చినన్ని తిప్పలు జిల్లాలో ఇంకెవరికీ వచ్చి ఉండవు. ఇటు చుక్క లేదు, అటు కూతవేటు దూరంలో సారా ప్యాకెట్ల దుకాణం. పాల క్యాన్లలో, సైకిలు ట్యూబుల్లో, పెళ్లిబస్సు సీట్ల కింద, గడ్డిమోపుల్లో. ఒక ముసలామె నడుముకి చుట్టూ ప్యాకెట్లు కట్టుకుని గర్భిణీ అని చెప్పిందట, ఆమెకి డెబ్బై ఏళ్లు! ఉన్న ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్లు చెక్‌పోస్టులోనే ఉండిపోయారు, బీట్లు మూలపడ్డాయి. ఎస్ఐ టేబులు కింద, లాకప్పులో, చివరికి రికార్డు గదిలో కూడా పట్టుకున్న సరుకే. వాసన భరించలేక నాయన తన కుర్చీ వేపచెట్టు కిందికి మార్చుకున్నాడు. 1997లో నిషేధం సడలించినప్పుడు తాగేవాళ్ల కన్నా మా స్టేషనువాళ్లే ఎక్కువ సంతోషించారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు

మేనల్లుణ్ణి అడిగాను, మీకు ఎట్లా ఉందిరా అని. "112కి ఫోన్ వస్తే లొకేషన్ వస్తాది మామా, బండేసుకుని పోవడమే" అన్నాడు. ఎఫ్ఐఆర్ కంప్యూటర్లో. 2019లో ప్రతి గ్రామ సచివాలయానికీ ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని పెట్టారు. తండాకి సిమెంటు రోడ్డు. అప్పటి ఆ సుగాలి ఆమె ఇప్పుడైతే చంకలో పిల్లతో నడవక్కర్లేదు, ఊరి పెద్దమనిషి అనుమతి అడగక్కర్లేదు. దీన్ని చిన్నది అనేవాళ్లతో నేను వాదించను, లేచి వెళ్లిపోతాను. "ఆ పాత రోజులే బాగుండేవి" అని మా వయసువాళ్లు అంటుంటే నాకు చిరాకు.

కానీ మీ స్టేషన్లో ఎంతమంది అంటే మాత్రం వాడు కూడా తీసివేతలు మొదలుపెట్టాడు. కోర్టుకి ఒకరు, బందోబస్తుకి ఇందరు, కంప్యూటర్ దగ్గర ఇద్దరు. మీ పరిధిలో ఊళ్లన్నీ చూశావా అంటే నవ్వి, "ఫోన్ వచ్చిన ఊళ్లు చూసినా" అన్నాడు. ఫోను రాని ఊరికి పోవడానికి ఎవరికీ తీరిక లేదు. నూటపదహారు మామకి కూడా తీరిక ఉండేది కాదు, బస్సు అక్కడ పడుకుంటుంది కాబట్టి పోయేవాడు.

మామ గురించి ఇంకొకటి చెప్పి ఆపుతాను. రిటైరయ్యాక ఆయన మా ఊళ్లోనే స్థిరపడ్డాడు. పిల్లలు బెంగళూరు. ఇంట్లో ఊరికే కూర్చోలేక సాయంత్రం ఆ చివరి బస్సెక్కి ఏదో ఒక ఊరికి పోయి, చావిట్లో పడుకుని, పొద్దున బస్సుకి వచ్చేవాడు. జనం అలవాటు కొద్దీ ఆయనకే అన్నీ చెప్పేవాళ్లు. ఆయన అలవాటు కొద్దీ స్టేషనుకి పోయి చెప్పేవాడు. అప్పటి ఎస్ఐ కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు, రెండు మూడు సార్లు ఓపిక పట్టి, ఒకరోజు అడిగేశాడు. "పెద్దాయనా, మీరు రిటైరైనారు కదా, మీకెందుకు ఇంకా ఈ బీటు?"

"నేను రిటైరైనా గానీ బస్సు రిటైరు కాలేదు గదా సార్" అన్నాడట మామ.

ఎస్ఐ నవ్వి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మామ ఆ రోజు చెప్పింది రాత్రిపూట పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగితీగ ఎత్తుకుపోతున్న ముఠా సంగతి, వాళ్లు ఏ గుట్ట వెనక బండి ఆపుతారో కూడా. వారం తిరగకుండా దొరికారు, పేపర్లో ఫొటో పడింది. రివార్డు ఎస్ఐ సారుకి వచ్చింది, మామకి టీ.